12 లక్షల రిబేట్ సౌదీలో ఉన్న మనకు వర్తిస్తుందా? తక్కువ ఆదాయం వాళ్ల టాక్స్ రాయితీ లెక్క ఇదీ

2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ వచ్చిన రోజు నుంచి క్యాంపుల్లో, రూముల్లో ఒకటే మాట: "పన్నెండు లక్షల దాకా ఇండియాలో టాక్స్ లేదు." ఆ మాట నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం మన లాంటి వాళ్లకు సంబంధించింది, దాన్ని ఎవరూ చెప్పలేదు. అందుకే కొందరు కట్టనక్కర్లేని టాక్స్‌కి భయపడుతున్నారు. ఇంకొందరు బ్యాంకు కోసుకున్న పైసలు తిరిగి వస్తాయని తెలియక వదిలేస్తున్నారు. ఒక హెల్పర్‌కి పన్నెండు, పదమూడు వేల రూపాయలంటే దాదాపు అరనెల జీతం. వదిలేసే సొమ్ము కాదు.

ఈ వ్యాసంలో ఆ లెక్కను మొదటి నుంచి చివరిదాకా చెప్తున్నాం. ఇక్కడ ఇచ్చిన రేట్లన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 దాకా వచ్చిన ఆదాయానికి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అయినా 2025-26 ఆదాయానికి లెక్క పాత 1961 చట్టం ప్రకారమే.

ముందు సౌదీ సంగతి

సౌదీ అరేబియాలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. మీ జీతం 1,000 రియాళ్లయినా 10,000 రియాళ్లయినా అంతే. కాబట్టి "టాక్స్" అని చెప్పి మీ జీతంలో కోత పెడితే అలాంటి టాక్స్ లేదని గుర్తుపెట్టుకోండి. సోషల్ ఇన్సూరెన్స్ సంస్థ గోసీకి విదేశీ కార్మికుల తరఫున కట్టే 2 శాతం కూడా కంపెనీ కట్టాల్సిందే, మీ జీతంలోంచి కాదు. ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజులు, వాటి రెన్యువల్, ఆలస్యమైతే పడే జరిమానా అన్నీ కంపెనీవే అని సౌదీ లేబర్ లా 40వ ఆర్టికల్ చెప్తుంది. ఇలాంటి కోతలు పెడుతుంటే మానవ వనరుల మంత్రిత్వ శాఖ నంబర్ 19911కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. పే స్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకోండి.

మనం సౌదీలో కట్టేది వ్యాట్. 2018 జనవరిలో 5 శాతంతో మొదలై, 2020 జూలై నుంచి 15 శాతం అయింది. బక్కాలాలో సరుకులు కొన్నా, మొబైల్ రీచార్జ్ చేసినా అది బిల్లులో కలిసే ఉంటుంది. ధరలు పెరిగితే తక్కువ ఆదాయం ఉన్న సొంత పౌరులకు ఊరట ఇవ్వడానికి సౌదీ ప్రభుత్వం 2017 డిసెంబర్ నుంచి "హిసాబ్ అల్ మువాతిన్" అనే సిటిజన్ అకౌంట్ పథకం కింద నెలనెలా డబ్బు వేస్తోంది. కుటుంబంలో ఎంతమంది, ఆదాయం ఎంత అని చూసి లెక్క కడతారు. ఇది సౌదీ పౌరుల కోసం పెట్టిన పథకం. కాంట్రాక్టు మీద వచ్చిన విదేశీ కార్మికులకు లేదు. "మీకూ వస్తుంది, ఇఖామా నంబర్, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే.

కాబట్టి టాక్స్ రాయితీ అనే మాట మన విషయంలో ఇండియా లెక్కలోనే వస్తుంది.

రిబేట్ అంటే ఏంటి? రీఫండ్ అంటే ఏంటి?

ఈ రెండు మాటలూ కలిసిపోవడం వల్లే సగం గందరగోళం.

రిబేట్ అంటే లెక్క కట్టిన టాక్స్‌లో తగ్గింపు. ఆదాయపు పన్ను చట్టంలో 87ఏ సెక్షన్ కింద తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇచ్చే రాయితీ ఇదే. 2013 బడ్జెట్‌లో 2,000 రూపాయలతో మొదలైంది. 2019లో 5 లక్షల ఆదాయం దాకా 12,500 అయింది. 2023లో కొత్త పన్ను విధానంలో 7 లక్షల దాకా 25,000 చేశారు. 2025లో 12 లక్షల దాకా 60,000కు పెంచారు.

రీఫండ్ అంటే మీ దగ్గర ఎక్కువ కోసుకున్న టాక్స్ మీకు తిరిగి రావడం. అది రాయితీ కాదు, మీ సొమ్మే.

అమెరికాలో 1975 నుంచి తక్కువ జీతం కార్మికులకు ఒక టాక్స్ క్రెడిట్ ఉంది. చాలా రాష్ట్రాలు దాని మీద తమ వంతు కూడా కలుపుతాయి. అక్కడ కట్టాల్సిన టాక్స్ సున్నా అయినా, క్రెడిట్‌లో మిగిలింది కార్మికుడి ఖాతాలో పడుతుంది. మన రిబేట్ అలా కాదు. టాక్స్‌ను సున్నా దాకా తీసుకెళ్లి అక్కడ ఆగిపోతుంది. టాక్స్ 5,000 అయితే రిబేట్ కూడా 5,000 మాత్రమే, మిగతా 55,000 ఎవరూ చేతికివ్వరు. "రిబేట్ కింద 60,000 ఇప్పిస్తా, కమీషన్ ఇవ్వు" అనే మనిషి కనిపిస్తే దూరంగా ఉండండి.

అసలు మెలిక ఎక్కడుంది?

87ఏ సెక్షన్‌లో ఒక చిన్న షరతు ఉంది. రిబేట్ "రెసిడెంట్" వ్యక్తులకు మాత్రమే. అంటే ఆ సంవత్సరంలో టాక్స్ లెక్క ప్రకారం ఇండియాలో నివాసి అయినవాళ్లకే. సౌదీలో పనిచేసే మనలో ఎక్కువమంది నాన్ రెసిడెంట్, అంటే ఎన్ఆర్ఐ. ఎన్ఆర్ఐకి 12 లక్షల రిబేట్ లేదు.

వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ కంగారు పడొద్దు. ఎన్ఆర్ఐకి రిబేట్ లేదు గానీ, సౌదీ జీతం మీద ఇండియాలో టాక్స్ కూడా లేదు. ఇండియాలో వచ్చే ఆదాయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అందులోనూ కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకు అందరితో పాటు ఎన్ఆర్ఐకీ టాక్స్ లేదు. రిబేట్ వేరు, ఈ 4 లక్షల మినహాయింపు వేరు.

ఇక లెక్క వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: రోజులు లెక్కపెట్టండి

ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు మీరు ఇండియాలో ఎన్ని రోజులు ఉన్నారు? పాస్‌పోర్ట్‌లో ముద్రలు, టికెట్లు చూసి ఒక కాగితం మీద రాసుకోండి. చుట్టీ మీద రెండుసార్లు వస్తే రెండూ కలపాలి.

చుట్టీ మీద వచ్చి పోయేవాళ్లు: మొత్తం 182 రోజుల కంటే తక్కువైతే ఎన్ఆర్ఐ. రెండు నెలలు, నాలుగు నెలలు, అయిదు నెలలు ఉన్నా ఎన్ఆర్ఐయే. 120 రోజుల రూల్ అని ఒకటి వింటుంటారు. అది ఇండియాలో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకు. మనలో ఎక్కువమందికి దానితో పని లేదు.

మొదటిసారి ఉద్యోగానికి వచ్చినవాళ్లు: వచ్చిన సంవత్సరంలో కూడా 182 రోజులే కొలత. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఇండియాలోనే ఉంటే 183 రోజులవుతాయి. అంటే అక్టోబర్‌లోనో ఆ తర్వాతనో విమానం ఎక్కినవాళ్లు ఆ ఒక్క సంవత్సరానికి రెసిడెంట్. జూన్‌లో ఎక్కినవాళ్లు ఎన్ఆర్ఐ.

ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయినవాళ్లు: అక్టోబర్ 1 లోపు ఊరు చేరి అక్కడే ఉంటే మార్చి 31కి 182 రోజులు పూర్తవుతాయి, రెసిడెంట్ అవుతారు. ఆ తర్వాత చేరితే సాధారణంగా ఆ సంవత్సరానికి ఎన్ఆర్ఐ. అయితే చుట్టీ కాదు, పూర్తిగా తిరిగొచ్చినవాళ్లకు ఇంకో రూల్ ఉంది. ఈ సంవత్సరం 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇండియాలో ఉంటే కూడా రెసిడెంటే. రెండేళ్లకోసారి రెండు నెలల చుట్టీ తీసుకునేవాళ్లకు ఆ 365 రోజులు రావు. తరచూ వచ్చి పోయేవాళ్లు మాత్రం లెక్క చూసుకోవాలి.

రెండో మెట్టు: ఏ ఆదాయం లెక్కలోకి వస్తుంది?

మీరు ఎన్ఆర్ఐ అయితే లెక్కలోకి రానివి:

సౌదీలో పనిచేసి, సౌదీ బ్యాంకు ఖాతాలో తీసుకున్న జీతం. తర్వాత ఇంటికి పంపినా టాక్స్ లేదు. పంపడం వల్ల ఆదాయం రెండోసారి పుట్టదు. సౌదీలో చేతికొచ్చిన సర్వీస్ బెనిఫిట్ కూడా అంతే. ఎన్ఆర్ఈ ఖాతాలో డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి కూడా టాక్స్ లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: జీతం ముందు సౌదీ ఖాతాలోనే పడాలి. కంపెనీ నేరుగా ఇండియా ఖాతాలో వేస్తే "ఇండియాలో అందిన ఆదాయం" అనే పేచీ వస్తుంది.

లెక్కలోకి వచ్చేవి: ఎన్ఆర్ఓ ఖాతా వడ్డీ, ఇల్లు లేదా షాపు అద్దె, ప్లాటు అమ్మితే వచ్చిన లాభం. వ్యవసాయ ఆదాయానికి టాక్స్ లేదు.

2020 బడ్జెట్ అప్పుడు వచ్చిన భయం ఇప్పటికీ కొందరిలో ఉంది. ఏ దేశంలోనూ టాక్స్ కట్టని భారతీయుడిని ఇండియా నివాసిగా లెక్కిస్తామని ఫిబ్రవరి 1న ప్రతిపాదించారు. గల్ఫ్ అంతా గగ్గోలు పుట్టింది. మరుసటి రోజే, గల్ఫ్‌లో నిజంగా పనిచేసుకునే కార్మికుల మీద టాక్స్ వేయడం ఉద్దేశం కాదని ఆర్థిక శాఖ వివరణ ఇచ్చింది. చివరికి చట్టంలో ఇండియా ఆదాయం 15 లక్షలు దాటితేనే అనే హద్దు పెట్టారు. మీ ఇండియా ఆదాయం ఆ హద్దు లోపల ఉంటే ఆ రూల్ మీ జోలికి రాదు.

మూడో మెట్టు: శ్లాబు ప్రకారం టాక్స్

2025-26కు కొత్త పన్ను విధానం రేట్లు ఇవి. 4 లక్షల దాకా సున్నా. 4 నుంచి 8 లక్షల మధ్య సొమ్ము మీద 5 శాతం. 8 నుంచి 12 లక్షల మధ్య సొమ్ము మీద 10 శాతం. 12 నుంచి 16 మధ్య 15 శాతం. పైన ఇంకా పెరుగుతూ 24 లక్షలు దాటిన సొమ్ము మీద 30 శాతం.

12 లక్షల మీద లెక్క వేయండి: మొదటి 4 లక్షలకు సున్నా, తర్వాతి 4 లక్షలకు 20,000, ఆ తర్వాతి 4 లక్షలకు 40,000. మొత్తం 60,000. రిబేట్ 60,000 ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైంది కదా. 12 లక్షలు కొంచెం దాటినవాళ్లు మొత్తం 60,000 ఒక్కసారిగా మీద పడి నష్టపోకుండా ఇంకో ఊరట ఉంది. ఆదాయం 12,10,000 అయితే శ్లాబు ప్రకారం 61,500 వస్తుంది, కానీ దాటింది 10,000 కాబట్టి టాక్స్ 10,000కే పరిమితం.

నాలుగో మెట్టు: రెసిడెంట్ అయితే రిబేట్ తీసేయండి. ఎన్ఆర్ఐ అయితే ఈ మెట్టు లేదు.

అయిదో మెట్టు: మిగిలిన టాక్స్ మీద 4 శాతం సెస్సు కలపండి. టాక్స్ సున్నా అయితే సెస్సూ సున్నా.

ఆరో మెట్టు: ఇప్పటికే కోసుకున్న టీడీఎస్ తీసేయండి. ఎక్కువ కోసి ఉంటే ఆ తేడా మీకు రీఫండ్‌గా వస్తుంది.

ఇప్పుడు నాలుగు ఉదాహరణలు. మనుషులు ఊహించినవాళ్లే, లెక్కలు మాత్రం అసలువి.

ఒకటి: దమ్మాంలో ప్లంబర్, ఎన్ఆర్ఓలో డిపాజిట్

జగిత్యాల దగ్గరి ఊరు అనుకోండి. దమ్మాంలో ఏడేళ్లుగా పని. ఊళ్లో బ్యాంకులో ఎన్ఆర్ఓ ఖాతా, అందులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, 7 శాతం వడ్డీ. సంవత్సరానికి 42,000. బ్యాంకు ఇందులో 30 శాతం టాక్స్, దాని మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం కోస్తుంది. అంటే 13,104 రూపాయలు. ఎన్ఆర్ఐకి ఎంత చిన్న వడ్డీ అయినా ఈ కోత తప్పదు. అదే డిపాజిట్ ఊళ్లో ఉన్న తమ్ముడి పేరు మీద ఉంటే 50,000 దాటని వడ్డీకి కోతే ఉండదు.

మరి ఇతని అసలు టాక్స్ ఎంత? ఇండియాలో ఆదాయం 42,000. 4 లక్షల లోపే. టాక్స్ సున్నా. రిబేట్‌తో పనే లేదు. రిటర్న్ వేస్తే 13,104 మొత్తం వెనక్కి వస్తుంది. వేయకపోతే ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుంది. ఇలా ఏడేళ్లు వదిలేసినవాళ్లు ఎంత పోగొట్టుకున్నారో మీరే లెక్కేసుకోండి.

15జీ ఫారం ఇస్తే కోత ఆగుతుందని కొందరు చెప్తారు. ఆ ఫారం రెసిడెంట్లకే. ఎన్ఆర్ఐ సంతకం పెట్టి ఇవ్వకూడదు. సౌదీ నుంచి పంపే డబ్బు డిపాజిట్ చేయాలంటే మొదటి నుంచే ఎన్ఆర్ఈలో వేసుకోవడం మేలు, వడ్డీకి టాక్స్ ఉండదు, కోత ఉండదు. మీరు సౌదీకి రాకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే బ్యాంకుకు చెప్పి ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి, రూల్ అదే.

రెండు: ఒకే ఆదాయం, రెండు తేదీలు

ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరికీ ఊళ్లో షాపుల అద్దె, డిపాజిట్ వడ్డీ కలిపి, తీసివేతలు పోను, చెరి 5 లక్షల ఆదాయం. అన్న 2025 ఆగస్టు 10న ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి చేరాడు. మార్చి 31 దాకా 234 రోజులు. రెసిడెంట్. తమ్ముడు 2025 డిసెంబర్ 1న చేరాడు. 121 రోజులు. ఎన్ఆర్ఐ.

ఇద్దరికీ శ్లాబు టాక్స్ ఒకటే: 4 లక్షలు పోను మిగిలిన లక్ష మీద 5 శాతం, 5,000. అన్నకు రిబేట్ 5,000, కట్టాల్సింది సున్నా. తమ్ముడికి రిబేట్ లేదు. సెస్సుతో కలిపి 5,200 కట్టాలి.

"అన్న రెసిడెంట్ అయ్యాడు కదా, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సౌదీలో తీసుకున్న జీతానికి టాక్స్ పడదా?" అని మీకు అనుమానం రావచ్చు. పడదు. ఎందుకంటే చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లకు మధ్యలో ఒక మెట్టు ఉంది, దాన్ని ఆర్ఎన్ఓఆర్ అంటారు. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ఎన్ఆర్ఐగా ఉన్నా, లేదా గత ఏడేళ్లలో ఇండియాలో కలిపి 729 రోజులకు మించి లేకపోయినా ఈ మెట్టులోకి వస్తారు. వీళ్లు రెసిడెంట్లే కాబట్టి రిబేట్ దొరుకుతుంది. పైగా బయట సంపాదించి బయటే అందుకున్న జీతానికి టాక్స్ లేదు. తిరిగొచ్చేవాళ్లకు ఇది పెద్ద ఊరట, కానీ చాలామందికి తెలియదు.

మూడు: నవంబర్‌లో కొత్తగా వచ్చిన డ్రైవర్

ఇది చాలామంది పట్టించుకోని సంగతి. ఒకతను 2025 నవంబర్ 1న మొదటిసారి రియాద్ వచ్చాడు. అప్పటికే ఇండియాలో 182 రోజులు దాటాయి. ఎప్పుడూ బయట ఉండలేదు కాబట్టి పూర్తి రెసిడెంట్. ఇలాంటి వాళ్లకు ఆ ఒక్క సంవత్సరం సౌదీ జీతం కూడా ఇండియా లెక్కలోకి వస్తుంది.

ఇండియాలో ఉద్యోగం చేసి అక్టోబర్ దాకా 2,40,000 జీతం. సౌదీలో నెలకు 3,000 రియాళ్ల చొప్పున అయిదు నెలలు, 15,000 రియాళ్లు. రియాల్ 23 రూపాయలు అనుకుంటే 3,45,000. రెండూ కలిపి 5,85,000. జీతం ఉన్నవాళ్లకు ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 5,10,000. టాక్స్ 5,500. రెసిడెంట్ కాబట్టి రిబేట్ 5,500. కట్టాల్సింది సున్నా.

టాక్స్ సున్నా అయినా ఇతను రిటర్న్ వేయాలి. ఆదాయం 4 లక్షలు దాటింది, పైగా సౌదీలో బ్యాంకు ఖాతా ఉంది. పూర్తి రెసిడెంట్ అయిన సంవత్సరంలో విదేశీ ఖాతా ఉంటే దాన్ని రిటర్న్‌లో చూపాలి. తర్వాతి సంవత్సరం నుంచి ఎన్ఆర్ఐ అవుతాడు, అప్పుడు సౌదీ జీతం, సౌదీ ఖాతా లెక్కలోకి రావు.

నాలుగు: సౌదీలో ఉండగానే ప్లాటు అమ్మితే

కూతురి పెళ్లికో, ఇల్లు కట్టడానికో ప్లాటు అమ్మేవాళ్లు చాలామంది. ఈ లాభానికి విడిగా 12.5 శాతం రేటు ఉంది. దీని మీద రిబేట్ ఎవరికీ లేదు, రెసిడెంట్‌కి కూడా లేదు.

చాలా ఏళ్ల కింద 5 లక్షలకు కొన్న మున్సిపాలిటీ ప్లాటు 15 లక్షలకు అమ్మారు. లాభం 10 లక్షలు. వేరే ఆదాయం లేదు. ఎన్ఆర్ఐ అయితే 10 లక్షల మీద 12.5 శాతం, 1,25,000. సెస్సుతో 1,30,000. రెసిడెంట్ అయితే వాడుకోని 4 లక్షల మినహాయింపును ఈ లాభంలోంచి తీసుకోవచ్చు. మిగిలిన 6 లక్షల మీద 75,000, సెస్సుతో 78,000. ఎన్ఆర్ఐకి ఆ వీలు లేదు. తేడా 52,000 రూపాయలు.

ఇంకో సంగతి. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే కొనేవాళ్లు టాక్స్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. ముందుగా ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే సాధారణంగా పూర్తి ధర మీదే కోస్తారు. 15 లక్షల మీద 13 శాతం, అంటే 1,95,000. రిటర్న్ వేస్తే 65,000 వెనక్కి వస్తుంది. ఫైనల్ ఎగ్జిట్ దగ్గర్లో ఉండి, తొందర లేకపోతే, రెసిడెంట్ అయిన సంవత్సరంలో అమ్ముకోవడం మంచిది.

ఊళ్లో వ్యవసాయ భూమి అయితే వేరు. మున్సిపాలిటీ హద్దుకు అక్కడి జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్ల అవతల ఉన్న పొలం అమ్మితే ఈ టాక్స్ లేదు.

ఇంట్లో వాళ్ల పేరు మీద వేస్తే?

భార్యకు పంపే ఇంటి ఖర్చుల డబ్బు ఆమె ఆదాయం కాదు, దానికి టాక్స్ లేదు. కానీ మీరు పంపిన డబ్బును భార్య పేరు మీద డిపాజిట్ వేస్తే, దాని వడ్డీని చట్టం మీ ఆదాయంలోనే కలుపుతుంది. అమ్మానాన్నలకు ఇస్తే అలా కాదు. వాళ్లకిచ్చిన డబ్బు మీద టాక్స్ లేదు, దాని వడ్డీ వాళ్ల సొంత ఆదాయం. వాళ్లు రెసిడెంట్లు కాబట్టి రిబేట్ ఉంటుంది. 60 ఏళ్లు దాటినవాళ్లకు ఏడాదికి లక్ష దాకా వడ్డీకి బ్యాంకు కోత ఉండదు. అయితే ఆ డబ్బు ఇక వాళ్లది అవుతుందని మర్చిపోవద్దు. టాక్స్ కోసం ఇంట్లో తగవు తెచ్చుకోవడం మంచిది కాదు.

రిటర్న్ ఎలా వేయాలి?

ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ వెబ్‌సైట్‌లో పాన్ నంబర్‌తో లాగిన్ అవ్వాలి. అక్కడ 26ఏఎస్, ఏఐఎస్ అనే పత్రాల్లో మీ పేరు మీద ఎంత టాక్స్ కోశారో కనిపిస్తుంది. రీఫండ్ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ప్రొఫైల్‌లో మీరు ఎన్ఆర్ఐ అని ఉందో లేదో చూడండి. ఎన్ఆర్ఐలకు పాన్-ఆధార్ లింకు తప్పనిసరి కాదు. కానీ శాఖ రికార్డుల్లో రెసిడెంట్‌గానే ఉండి లింకు చేయకపోవడం వల్ల చాలామంది పాన్ పనిచేయకుండా పోయింది. పాన్ పనిచేయకపోతే రీఫండ్ రాదు. ముందు అది సరిచేసుకోవాలి.

ఎన్ఆర్ఐలు, ఆర్ఎన్ఓఆర్‌లు వేయాల్సింది ఐటీఆర్-2. ఐటీఆర్-1 చిన్నగా, సులువుగా ఉంటుందని అది వేయించుకోవద్దు, అది మనకు కాదు. షాపు, వ్యాపారం ఉన్నవాళ్లకు ఐటీఆర్-3. గడువు ఐటీఆర్-2కు 2026 జూలై 31. దాటితే డిసెంబర్ 31 దాకా వేయొచ్చు. మొత్తం ఆదాయం 4 లక్షల లోపే ఉండి, రీఫండ్ కోసమే వేసేవాళ్లకు సాధారణంగా ఆలస్య రుసుము పడదు.

వేశాక 30 రోజుల్లో వెరిఫై చేయాలి. చేయకపోతే వేయనట్టే. ఆధార్ ఓటీపీ ఇండియా నంబర్‌కు వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి. సిమ్ పోయినవాళ్లు నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయొచ్చు, లేదా ఐటీఆర్-వి మీద సంతకం పెట్టి బెంగళూరు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. రీఫండ్ పడే ఖాతాను వెబ్‌సైట్‌లో ముందే ధ్రువీకరించాలి. ఎన్ఆర్ఓ ఖాతా ఇవ్వొచ్చు.

సొంతంగా చేయడం రాకపోతే ఊళ్లో తెలిసిన ఆడిటర్ దగ్గర, లేదా చదువుకున్న పిల్లలతో చేయించుకోండి. రీఫండ్‌లో వాటా అడిగేవాళ్లకు, లేని ఖర్చులు, లేని బీమాలు చూపించి "ఎక్కువ రప్పిస్తా" అనేవాళ్లకు పాన్, ఓటీపీ ఇవ్వొద్దు. రిటర్న్ ఎవరు నింపినా నోటీసు వచ్చేది మీ పేరు మీదే.

ఈ వారం మీరు చేయాల్సిన పనులు మూడు. గత సంవత్సరం ఇండియాలో ఉన్న రోజులు రాసుకోండి. బ్యాంకుకు ఫోన్ చేసి మీ ఖాతా ఎన్ఆర్ఈనా, ఎన్ఆర్ఓనా, మామూలు సేవింగ్సా అని అడగండి. 26ఏఎస్‌లో మీ పేరు మీద కోసిన టాక్స్ ఎంతో చూడండి. అక్కడ సున్నా కాకుండా ఏదైనా అంకె కనిపిస్తే, దాన్ని ఈ వ్యాసంలోని ఆరు మెట్ల మీద పెట్టి లెక్కేయండి. కుటుంబంలో ఎవరికైనా ఈ పని అప్పగిస్తే ఈ వ్యాసం వాళ్లకు పంపండి, గడువు తేదీ కూడా చెప్పండి.